ముందుకాలు పడే చోటు

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు టీవీలో ఇద్దరు కొత్త కుర్రాళ్ళు బౌలింగ్ చేస్తున్నారు. ఒకడు మనవాడు, ఒకడు అవతలి జట్టువాడు. ఇద్దరికీ ఇరవై రెండేళ్ళు దాటి ఉండవు. వ్యాఖ్యాతలు బంతి వేగం గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం ముందుకాలు ఎక్కడ పడుతోందో చూస్తున్నాను. చూసి, కింది వాటాకి వినపడేలా ఏదో అనబోయి ఆగిపోతున్నాను. కింద వదినగారు ఒక్కరే ఉంటారు. ఆవిడకి క్రికెట్ పడదు.

ఆయన మా ఇంటి ఓనరు. మన్సూరాబాద్‌లో ఒక కాలనీ ఇల్లు. కింద ఆయనా, ఆయన భార్య వదినగారూ, పైన నేనూ నా భార్యా. నల్లగొండ దగ్గర ఒక పల్లె నుంచి పంతొమ్మిదో ఏట పట్నం వచ్చి, లారీ క్లీనరుగా మొదలుపెట్టి, తర్వాత ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ బస్సు నడిపి రిటైరయ్యారు. అందులో ఎక్కువ కాలం ఎల్బీ నగర్ మీదుగా సూర్యాపేట వెళ్ళే రూటు. నాది గుంటూరు పక్కన ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పెళ్ళికి ముందు ఆ రోడ్డు మీద చాలాసార్లు వచ్చాను, పోయాను. ఆయన నడిపిన బస్సు ఎప్పుడైనా ఎక్కానేమోనని ఇద్దరం చాలాసేపు ఆలోచించాం గాని తేలలేదు. "ఎక్కినా నీకు యాదుండదు. నేను నడిపితే అందరు నిద్రపోతరు" అన్నారు.

క్రికెట్‌లో ఆయనకు ఫాస్ట్ బౌలర్లు తప్ప ఇంకెవరూ అక్కర్లేదు. ఎవరైనా సెంచరీ కొడితే తల ఊపేవారు, అంతే. స్పిన్నరు బంతి అందుకుంటే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మొక్కలకు నీళ్ళు పోసి వచ్చేవారు. ఫాస్ట్ బౌలర్లలో కూడా పేరు తెచ్చుకున్నవాళ్ళ మీద ఆసక్తి లేదు. కొత్తగా జట్టులోకి వచ్చినవాళ్ళు కావాలి. ఎవరు నిలబడతారు, ఎవరు నడుం పట్టుకుని ఇంటికి పోతారు అనేది ముందే చెప్పాలి. డిపోలో కొత్త డ్రైవర్లకు పని నేర్పేటప్పుడు కూడా ఇదే చేసేవారట. మొదటి రోజు పక్క సీట్లో కూర్చుని, దిగాక, వీడు రిటైరయ్యేదాకా నడుపుతాడు, వాడు పదేళ్ళలో వెన్ను పోగొట్టుకుంటాడు అని చెప్పేవారట.

ఆయన చూసేది ముందుకాలు. బౌలరు అంత దూరం పరుగెత్తుకొచ్చి, బంతి వదిలే ముందు ఆ కాలు నేలకు తన్ని ఒంటిని ఆపుతాడు. ఆ ఆపడంలోంచే బంతికి వేగం వస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలుసు. ఆయనకు బస్సు వల్ల తెలుసు.

"బ్రేకు తిన్నగ పడాలె సారు. జర పక్కకు పడ్డదనుకో, బండి ఆగుతది గని ఎక్కడ్నో ఒక బోల్టు లూజయితది. ఇయ్యాల తెల్వదు. రెండేండ్లకు తెలుస్తది."

ఒకసారి నేను సరిదిద్దబోయాను. కుడిచేతి బౌలరుకు ముందు పడేది ఎడమకాలు, బస్సులో ఎడమకాలు క్లచ్ మీద కదా ఉండేది, బ్రేకు కుడికాలిది కదా అన్నాను. ఆయన నావైపు కాసేపు చూసి, వంటింటి వైపు తిరిగి, మీది వాటా సారు నాకు డ్రైవింగ్ నేర్పిస్తున్నాడని వదినగారికి చెప్పారు. ఆ తర్వాత ఒక నెలపాటు నేను కనపడినప్పుడల్లా క్లచ్ ఏ కాలితో తొక్కాలని అడిగేవారు.

నాకు చదివే అలవాటు ఎక్కువ. చదివేకొద్దీ పోలికల మీద నమ్మకం తగ్గింది. ఏదైనా ఒక విషయాన్ని ఇంకోదానితో పోల్చినప్పుడు రెండూ సరిగ్గా కనపడవని నా అనుమానం. ఆయన మాటల్లో ఆ ఇబ్బంది ఎప్పుడూ కలగలేదు. ఆయన బౌలరును బస్సుతో పోల్చడం లేదు. ఆయనకు తెలిసిన పని ఒకటే, దానితో చూసేవారు.

రాష్ట్రం ఇంకా విడిపోని ఆ రోజుల్లో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకడు మన జట్టువాడు, కుడిచేతివాడు, చాలా పొడుగు. ఇంకొకడు విదేశీ జట్టువాడు, ఎడమచేతివాడు, కొంచెం పొట్టి, భుజాలు వెడల్పు. మా ఇంట్లో వాళ్ళ అసలు పేర్లు ఎవరూ పలికేవారు కాదు. పొడుగోడు, ఎడమచేతోడు. ఆయన పొడుగోడి పక్షం, నేను ఎడమచేతివాడి పక్షం. మన దేశంవాడని ఆయన పొడుగోణ్ణి ఎంచుకోలేదు. కాలు తిన్నగా పడుతుందని ఎంచుకున్నారు. నా వాడి బంతి పిచ్ మీద పడేముందు, చివర్లో, లోపలికి తిరిగేది. అది చూస్తే నాకు పాఠం చెప్పాలనిపించేది. వాడి లోపం నాకూ కనపడుతూనే ఉంది. ముందుకాలు అడ్డంగా పడి ఒళ్ళంతా పక్కకు ఒరిగిపోయేది. ఒరిగితే ఒరగనివ్వండి, వికెట్లు పడుతున్నాయి కదా అనేవాణ్ణి.

"పడ్తయి. రెండేండ్లు పడ్తయి. మూడో ఏడు నీ ఎడమచేతోడు గ్యారేజీల ఉంటడు, చూస్తుండు" అనేవారు.

టీవీలో చూపించింది చాలక వాకిట్లో చేసి చూపించేవారు. లుంగీ పైకి మడిచి కట్టి, గేటు దగ్గర నుంచి సంపు మూత దాకా ఆరేడు అడుగుల పరుగు, చేతిలో నిమ్మకాయ. అరవై దాటిన మనిషి. కుడిచేత్తో పొడుగోడిలా వేసేవారు, తర్వాత ఎడమచేత్తో నా వాడిలా వేసి, కావాలని ఎక్కువగా ఒరిగి, దాదాపు తులసికోట మీద పడబోయేవారు. నిమ్మకాయ గోడకు తగిలి పగిలితే వదినగారు దాన్ని ఏరుకుని లోపలికి తీసుకెళ్ళేవారు. అలాంటి రోజుల్లో మా ఇంటికి గిన్నెడు పులిహోర వచ్చేది.

చూసి వాదించుకుంటే తేలదు, నేల మీద గుర్తు పడాలి అని నేనే ఒక పద్ధతి పెట్టాను. కాలు బకెట్లో తడిపి, పరుగెత్తుకొచ్చి, పొడి సిమెంటు మీద దిగితే అచ్చు పడుతుంది. అది గోడకు తిన్నగా ఉందో అడ్డంగా ఉందో చూడొచ్చు. ఆయనకు ఇది బాగా నచ్చింది. పొడుగోడి ఎడమకాలు ఒకటి, ఎడమచేతోడి కుడికాలు ఒకటి, పక్కపక్కన వేసేవారు. ఎండలో ఆరిపోయేలోపు ఇద్దరం వంగి చూసేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు గేటు మీంచి తొంగిచూసి ఏం పోయిందని అడిగేవారు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరంతా నిండి ఉంది. వారంలో ఒక బంద్, ఒక ఊరేగింపు. మా కోచింగ్ సెంటరు తెరిచిన రోజులు తక్కువ. స్టాఫ్ రూములో సగం మంది మావైపు వాళ్ళే. ఇక్కడ ఇల్లు కొనాలా వద్దా అని గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. కూరగాయల బండి దగ్గర నా భార్య "ఎంతండీ" అనడం మాని "ఎంత" అని మాత్రం అడగడం మొదలుపెట్టింది. ఎవరూ తనని ఏమీ అనలేదు. అయినా మానేసింది.

ఆయనకు రాష్ట్రం కావాలి. ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ నాతో ఎప్పుడూ దాని గురించి వాదించలేదు. ఒక్కసారి నేనే అడిగాను, రాష్ట్రం వస్తే మా సంగతేంటి అని. టీవీ మీంచి చూపు తిప్పకుండా చెప్పారు.

"నీ సంగతేముంది? మీద ఉంటవ్. నీ పుస్తకాల పెట్టెలు ఎక్కించినప్పుడే నా నడుము పట్టింది. మళ్ళ దింపుడు నాతోని గాదు."

మేడ మీదికి వెళ్ళి ఈ మాట నా భార్యకు చెబితే నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

వానలు తగ్గుతున్న రోజుల్లో పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బళ్ళు మూతపడ్డాయి. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు కోతలు పెరిగాయి. ఎల్బీ నగర్ చౌరస్తాకి కొంచెం ఇవతల ఆయన పాత డిపో వాళ్ళు టెంటు వేసుకుని కూర్చున్నారు. రిటైరైన మనిషి, ఆయన వెళ్ళాల్సిన పని లేదు. మొదటి రోజే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని బయల్దేరారు. నా స్కూటరు మీద దింపుతానన్నాను. వద్దన్నారు. బస్సులు మళ్ళీ కదిలేదాకా తాను దేని మీదా ఎక్కనన్నారు. ఆటో గాని, స్కూటరు గాని, ఏదీ. బస్సు నడిపినవాడు బస్సు ఆగినన్నాళ్ళు నడవాలి అన్నారు. నీకు షుగరుంది, ఈ వయసులో ఈ పంతమేందని వదినగారు గేటు దాకా వచ్చి అడిగారు. ఆయన అప్పటికే సందు మలుపు తిరిగారు.

పోనురాను ఆరు కిలోమీటర్ల పైనే. కాళ్ళకు పాత కాన్వాసు బూట్లు, నల్ల మేజోళ్ళు. పొద్దున తొమ్మిదింటికి వెళితే సాయంత్రం నాలుగు గంటలకు వచ్చేవారు. ఆ రోజుల్లోనే పొడుగోడూ ఎడమచేతోడూ ఒకే సిరీస్‌లో ఎదురెదురుగా ఆడుతున్నారు. మాకు కావలసింది అదే. ఇద్దరూ ఒకే పిచ్ మీద, ఒకే ఎండలో బౌలింగ్ చేస్తే తప్ప పోలిక తేలదని ఏడాదిగా అనుకుంటున్నాం. తీరా వచ్చేసరికి కరెంటు లేదు. టెంటులో ఎవరి ఫోన్లోనో స్కోరు చూసి, పేపర్లో ఫోటోలు చూసి, వచ్చి మెట్ల మీద కూర్చుని చెప్పేవారు. చెప్పడం చాలకపోతే లేచి వాకిట్లో వేసి చూపించేవారు.

ఒకరోజు పేపర్లో పొడుగోడి గురించి వార్త వచ్చింది. నడుం నొప్పి ఉన్నా కెప్టెన్‌కు చెప్పకుండా బౌలింగ్ చేశాడట. రాసినవాడు దాన్ని గొప్పగా రాశాడు. ఆయనకు మాత్రం కోపం వచ్చింది. బండిలో తేడా ఉందని తెలిస్తే డ్రైవరు డిపోలో చెప్పాలి, చెప్పకుండా రోడ్డెక్కిస్తే వాడు మొగోడు కాదు, మూర్ఖుడు అన్నారు. తన వాడైనా సరే తిట్టారు. నేను సంతోషించాను.

సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. ఆ సాయంత్రం ఆయన వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా, పొడుగోడు నిన్న ఒక మంచి బ్యాట్స్‌మన్‌ను ఎట్లా బౌల్డ్ చేశాడో చూడమని గేటు దగ్గరికి వెళ్ళారు. బూట్లతోనే పరుగెత్తుకొచ్చి వేశారు. ఎడమకాలు అడ్డంగా పడింది. ఒళ్ళు పక్కకు ఒరిగి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"అన్నగారూ, మీ పొడుగోడు కూడా ఒరుగుతున్నాడే" అన్నాను.

"ఎవడొరిగిండు?"

"ఇప్పుడు మీరు వేసినవాడే. కాలు అడ్డంగా పడింది."

"పడలే. తిన్నగనే దిగిన. నా కాలు నాకు తెల్వదా?"

మళ్ళీ వేశారు. మళ్ళీ అలాగే ఒరిగారు. మళ్ళీ ఒరగలేదన్నారు. ఆయన అబద్ధమాడటం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు గెలిచిన ఉత్సాహం. లోపలికి వెళ్ళి బకెట్ తెచ్చాను. బూట్లు విప్పండి, అచ్చు చూద్దాం అన్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని విప్పారు. ఎడమ మేజోడు కాలికి అంటుకుపోయి ఒక పట్టాన రాలేదు. గట్టిగా లాగారు. కాలు తడిపి, పరుగెత్తి, దిగారు.

ఇద్దరం వంగి చూశాం. మడమ ఉంది, కాలి బయటి అంచు ఉంది, చివరి మూడు వేళ్ళు ఉన్నాయి. బొటనవేలు ఉండాల్సిన చోట ఎర్రటి మరక.

"బకెట్ తుప్పు పట్టినట్టుంది" అన్నారు.

మాది ప్లాస్టిక్ బకెట్. అయినా ఒక్క క్షణం నేను ఆ మాట నమ్మాను. నమ్మాలనిపించింది. తర్వాత ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి కాలు పైకెత్తి చూశాను. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ నల్లగా ఉంది. పక్క వేలు కూడా రంగు మారింది. బూటు తిరగేసి దులిపితే కంకర ముక్క ఒకటి రాలింది. ఎన్ని రోజులుగా దాని మీద నడిచారో తెలియదు. నొప్పి లేదా అని అడిగాను.

"లేదు సారు. ఏం లేదు."

నొప్పి ఉందని చెబితే అంత భయపడేవాణ్ణి కాదు. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందని నేను ఎక్కడో చదివాను. ఎన్నో నెలలుగా మేమిద్దరం కూర్చుని ఎక్కడెక్కడి దేశాల కుర్రాళ్ళ పాదాలు చూశాం. పక్కనే పీట మీద చాపిన కాలు ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు.

స్కూటరు బయటికి తీశాను. ఆయన ఎక్కనన్నారు. నడిచి వెళదాం పద అన్నారు. వదినగారు ఏడ్చారు, తిట్టారు, మళ్ళీ ఏడ్చారు. ఆ కాలు మీద ఇంకొక అడుగు కూడా వేయకూడదని నేను చెప్పాను. ఆయన మెట్టు మీద నుంచి కదల్లేదు. చివరికి నాకు పొడుగోడి వార్త గుర్తొచ్చింది.

"బండిలో తేడా ఉంటే డిపోలో చెప్పాలని మీరే కదా అన్నారు. చెప్పకుండా రోడ్డెక్కితే మూర్ఖుడని కూడా అన్నారు."

ఆయన విప్పిన బూటు తీసి మెట్టు కింద పెట్టారు. తర్వాత అన్నారు. "అయితే పో. డిపోల చెప్పు. వాళ్ళు ఎక్కమంటె ఎక్కుత."

వెళ్ళవద్దని నా భార్య అంది. సమ్మె టెంటులోకి నేను ఒక్కణ్ణే వెళ్ళి, ఈ యాసతో, మీ మనిషిని బండి ఎక్కనివ్వండని అడగడం ఆమెకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. కానీ వదినగారు ఆయన్ని వదిలి రాలేరు. ఇంకెవరూ లేరు.

స్కూటరు కొంచెం దూరంలోనే ఆపి నడిచి వెళ్ళాను. నలభై మంది దాకా పట్టాల మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన డప్పు పక్కన పెట్టి బీడీ వెలిగించుకుంటున్నాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో మనసులో అనుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిచేసరికి అంతా మర్చిపోయాను.

"అన్నగారి కాలికి పుండు పడిందండి. ఆసుపత్రికి తీసుకెళ్ళాలండి" అన్నాను.

ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి, కండక్టరు అనుకుంటాను, కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశాడు. ఏ వూరు సారు మనది అని అడిగాడు. గుంటూరు పక్కన అని చెప్పాను. అబద్ధం చెప్పాలని తోచలేదు. ఎక్కడుంటవ్ అన్నాడు. మన్సూరాబాద్‌లో, ఫలానా డ్రైవరుగారి ఇంట్లో, మేడ మీద అన్నాను.

"ఓహో. గా ఎడమచేతోని సారువు నువ్వేనా?"

టెంటంతా కదిలింది. వెనక వరుసలో ఇద్దరు లేచి నిలబడి చూశారు. రెండు వారాలుగా ఆయన మా వాదన అక్కడ చెబుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. టెంటు రెండు పక్షాలుగా చీలిందట. ఎక్కువ మంది పొడుగోడి వైపు. ఎడమచేతివాడి వైపు తొమ్మిది మంది. వాళ్ళలో ఒకతను నాకు చోటిచ్చి, చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, మనోడు నిన్న మంచిగ వేసిండు అన్నాడు. మనోడు అంటే నా ఎడమచేతివాడని అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

కాలి సంగతి, ఆయన పట్టిన పంతం చెప్పాను. కండక్టరు నమ్మలేకపోయాడు.

"నడిచొస్తుండా? మన్సూరాబాద్ నుంచి రోజు నడిచొస్తుండా? మేమంత మోటర్ సైకిళ్ళ మీద వస్తున్నం గదనే. నడిచి రమ్మని ఎవడు చెప్పిండు ఆయనకు?"

ఎవరూ చెప్పలేదు. అలాంటి నియమమే లేదు. కొంచెం దూరం నుంచి ఆటో దిగి నడిచొస్తున్నాడని అందరూ అనుకున్నారట.

కండక్టరు నా స్కూటరు వెనక కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక గేటు దగ్గరే నిలబడి, "అన్నా, ఎక్కు" అన్నాడు. ఆయన లేచారు. ముందు నేను, మధ్య ఆయన, ఆయన కాలిని తన తొడ మీద పెట్టుకుని వెనక కండక్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖాన దాకా అలాగే వెళ్ళాం. బస్సులు లేని రోడ్డు ఎంత వెడల్పుగా ఉందో ఆ రోజు చూశాను.

రెండు వేళ్ళు తీసేయాలన్నారు డాక్టరు. అంతటితో ఆగుతుందో లేదో మూడు రోజుల తర్వాత చెబుతామన్నారు. ఆగకపోతే మోకాలి కింద దాకా పోతుంది. ఈ మాట నాకూ వదినగారికీ బయట చెప్పారు గాని, లోపలికి వెళ్ళేసరికి ఆయనకు తెలిసిపోయింది.

"క్లచ్ పోయినట్టేనా సారు?" అన్నారు.

ఆ రాత్రే వేళ్ళు తీసేశారు. తర్వాత మూడు రోజులు టెంటు వాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చారు, మోటర్ సైకిళ్ళ మీదే. మంచం అటూ ఇటూ నిలబడి పొడుగోడా, ఎడమచేతోడా అని వాదించుకుంటే నర్సు వచ్చి కసురుకునేది. వాళ్ళు పోయాక ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. రెండో రోజు మధ్యాహ్నం, వదినగారు ఇంటికి వెళ్ళినప్పుడు, తనంతట తనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సమ్మె జరిగింది. అందరూ ఆపేశారు. ఉద్యోగం పోతుందేమోనని భయపడి తాను ఒక్కరోజు, ఒకే ఒక్క ట్రిప్పు, పోలీసు జీపు వెనక బస్సు నడిపారు.

"తర్వాత ఒక్కడు గూడ నన్ను ఏమనలే సారు. పల్లెత్తు మాట అనలే. ఏమన్న అంటే అయిపోతుండె."

మూడో రోజు కట్టు విప్పి చూసి, ఆగింది, పాదం మిగిలింది అని డాక్టరు చెప్పారు. వదినగారు చెంగుతో ముఖం కప్పుకున్నారు. ఆయన, సిరీస్‌లో ఎవరికి ఎక్కువ వికెట్లు వచ్చాయని నన్ను అడిగారు. ఎడమచేతివాడికి రెండు ఎక్కువ వచ్చాయని చెప్పాను. వికెట్లు కాదు, కాలు చూడాలి అన్నారు.

కట్లు మార్చడానికి ఆయన్ని చాలా రోజులు అక్కడే ఉంచారు. వార్డులో ఉండగానే సమ్మె ముగిసింది. ఒక పొద్దున కిటికీ కింద బస్సు ఆగిన చప్పుడు వినపడింది. ఆయన తల పైకెత్తి విన్నారు. "ఇన్ని దినాలు నిలవెట్టిన్రు గద, బ్రేకులు అరుస్తున్నయ్" అన్నారు.

తర్వాత సంగతులు చెప్పడానికి ఎక్కువ లేవు. రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఆయన వీధంతా మిఠాయి పంచి, మొదటి పొట్లం మేడ మీదికి తెచ్చారు. పెట్టెలు దింపలేదు. పొడుగోడికి మూడో ఏట వెన్ను దెబ్బతింది, మళ్ళీ పాత వేగం రాలేదు. నా ఎడమచేతివాడు ఒరుగుతూ ఒరుగుతూనే ఎన్నో ఏళ్ళు ఆడాడు. ఆయన ఓడిపోయారని నేను ఎప్పుడు గుర్తుచేసినా ఒకే జవాబు. బండి మంచిదే, డబల్ డ్యూటీ కొట్టించి పాడుచేశారు అనేవారు. ఆలోచిస్తే ఆ మాటలో నిజం ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అనిపించినా, ఒప్పుకుంటే ఆయనకు నచ్చేది కాదు.

ఆయన పోయింది గుండె ఆగి. ఎత్తేటప్పుడు నేను కాళ్ళ వైపు ఉన్నాను. ఎడమ పాదం శుభ్రంగా ఉంది. సమ్మె తర్వాత రోజూ పొద్దున వదినగారు అద్దం కింద పెట్టి రెండు అరికాళ్ళూ చూసేవారు. ఆమె సరిగా చూశారో లేదోనని ఆదివారాలు నేను ఒకసారి చూసేవాణ్ణి. ఆయన విసుక్కుంటూనే చాపేవారు.

సమ్మె తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒక సాయంత్రం బాగా గుర్తుంది. పుండు పూర్తిగా మానింది. ఆయన మెట్టు మీద కూర్చుని బూటు విప్పి బకెట్ తెమ్మన్నారు. డాక్టరు ఏమంటారో అన్నాను. డాక్టరు బౌలింగ్ చేయవద్దని రాయలేదు గదా అన్నారు. కాలు తడుపుకుని, గేటు దగ్గర నుంచి, పరుగు కాదు, గబగబా నడుచుకుంటూ వచ్చి, పొడుగోడిలా చెయ్యి తిప్పి దిగారు. నేను పడిపోతే పట్టుకుందామని సంపు మూత పక్కనే నిలబడ్డాను. పట్టుకోవాల్సిన పని పడలేదు.

మడమ, బయటి అంచు, మూడు వేళ్ళు. ఇద్దరం వంగి చూశాం.

"తిన్నగ పడ్డదా? నిజం చెప్పు సారు. నాకు తెలుస్తలేదు."

తిన్నగా పడిందని చెబితే ఆయన నమ్మేవారు. "లేదన్నగారూ, కొంచెం పక్కకి పడింది" అన్నాను.

"ఎంత?"

"అంగుళం ఉంటుంది."

ఆయన ఆ అచ్చును కాసేపు చూశారు. మళ్ళీ కాలు బకెట్లో పెట్టి తడుపుకుని గేటు దగ్గరికి వెళ్ళారు. కడిగిన వాకిలి మళ్ళీ ఆగం చేస్తున్నారని వదినగారు లోపల నుంచి కేకేశారు. ఆరోసారికి తిన్నగా పడింది. అప్పటికి మొదటి అచ్చు ఆరిపోయింది.